మోడలింగ్ వచ్చు, బొమ్మ గీయడం రాదు: ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: ఏడాదిగా బ్లెండర్ (కంప్యూటర్‌లో 3డి వస్తువులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. వీడియో పక్కన పెట్టుకుని చేస్తే అందులో ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది. సొంతంగా ఒక కుర్చీ చేద్దామని కూర్చుంటే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. ఎక్కడో చెప్పలేను. నా పని చూసిన ఒక సీనియర్ "ముందు డ్రాయింగ్ నేర్చుకో" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. నాకు 26 ఏళ్లు. బళ్లో బొమ్మలు పక్కవాళ్ల చేత వేయించుకున్న బాపతు నేను. నిజంగా డ్రాయింగ్ అవసరమా? అవసరమైతే ఎంతవరకు? కాగితం మీదా, కంప్యూటర్‌కి తగిలించే డ్రాయింగ్ టాబ్లెట్ మీదా? ఫొటో మీద ట్రేస్ చేయడం తప్పా?

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజమే. కాకపోతే సగమే చెప్పారు. డ్రాయింగ్ అనే ఒక్క మాట కింద పది రకాల పనులున్నాయి. వెంట్రుక వెంట్రుకా దిద్ది ఫొటోలాంటి ముఖం దింపడం ఒకటి. రెండు గీతల్లో మనిషి నవ్వును పట్టేసే కార్టూన్ ఒకటి. తడి ఆరకముందే రంగు పరిచి ఆకాశం తెప్పించడం ఇంకొకటి. ఇవేవీ రాకపోయినా మీరు మంచి మోడలర్ కావచ్చు. మీకు కావలసిందేమిటో మీ ఉత్తరంలో మీరే రాశారు: "ఎక్కడో తేడా కొడుతుంది. ఎక్కడో చెప్పలేను." ఆ 'ఎక్కడో'ని వేలు పెట్టి చూపించగలిగితే చాలు, మీకు కావలసినంత డ్రాయింగ్ వచ్చినట్టే. దాంతోపాటు అందమైన బొమ్మలు కూడా వస్తే సంతోషం. రాకపోతే పోయేదేమీ లేదు.

వీడియో చూసి చేసింది ఎందుకు కుదురుతుందో ఒకసారి ఆలోచించండి. కుర్చీ కాలు ఎంత సన్నగా ఉండాలి, వీపు ఎంత వెనక్కి వాలాలి, అంచు ఎంత గుండ్రంగా తిరగాలి, ఇవన్నీ ఆ వీడియో చేసినాయన ముందే తేల్చుకుని కూర్చున్నాడు. బటన్లు మీరు నొక్కారు, నిర్ణయాలు ఆయన చేశాడు. సొంతంగా చేసేటప్పుడు ఆ నిర్ణయాలు మీ మీద పడతాయి. వాటిని ఎక్కడా ఎప్పుడూ సాధన చేయలేదు కాబట్టి చెయ్యి తడబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో వాటిని సాధన చేయడం కష్టం, ఎందుకంటే అక్కడ ఒక్కో నిర్ణయానికి గంట పడుతుంది. కాగితం మీద అరనిమిషం.

మన వృత్తి చరిత్రలోనే దీనికో మంచి ఉదాహరణ ఉంది. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడికి తన గ్రాఫిక్స్ ప్రయోగాలకు ఒక వస్తువు కావలసి వచ్చింది. ఇంట్లో ఉన్న టీపాట్‌ని ఎదురుగా పెట్టుకుని గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీశాడు. ఆ గీతల నుంచి వంపులను నడిపించే బిందువులు తీసి కంప్యూటర్‌కి ఎక్కించాడు. యూటా టీపాట్ అంటే అదే. 3డిఎస్ మాక్స్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టె, గోళం పక్కనే ఇప్పటికీ కూర్చుని ఉంది. అసలు పాత్ర కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. దాన్ని చూసినవాళ్లు అది తెరమీద బొమ్మకంటే పొడుగ్గా ఉండటం చూసి తెల్లబోతుంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అందరికంటే పేరున్న ఆ మోడల్ పుట్టింది చేత్తో గీసిన స్కెచ్ లోంచి అన్నమాట. ఆ స్కెచ్‌ని ఎవరూ గోడకి తగిలించుకునే ఉద్దేశంతో గీయలేదు. కొలతలు తీసుకోవడానికి గీశారు. మీరు గీయాల్సిందీ ఆ రకం బొమ్మే.

కాబట్టి మొదటి పాఠం కొలత. మీకు తేడా కొట్టింది కుర్చీయే కాబట్టి నిజం కుర్చీనే ఎదురుగా పెట్టుకోండి. రెండు మీటర్ల దూరంలో కూర్చుని చెయ్యి పూర్తిగా చాపి, మోచెయ్యి వంచకుండా పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూయండి. కుర్చీ మొత్తం ఎత్తులో సీటు వరకు ఎంత భాగం? కొలిచే ముందు ఊహించి రాసుకోండి, తర్వాత కొలవండి. ఈ ఊహించి రాసుకోవడం అనే ముక్కని చాలామంది ఎగరగొట్టేస్తారు, అసలు లాభమంతా దాంట్లోనే ఉంది. పదిహేను వస్తువులు ఇలా కొలిచేసరికి మీ తప్పులకో వరస కనిపిస్తుంది. మీరు ఎప్పుడూ కాళ్లు లావుగా ఊహిస్తారు, లేదా సీటుని ఉన్నదానికంటే వెడల్పుగా ఊహిస్తారు. ఆ వరస తెలిస్తే మోడలింగ్‌లో కూడా చెయ్యి ఎటు జారుతుందో ముందే పట్టుకోవచ్చు.

ఇలా జారడం మీ ఒక్కరి లోపం కాదు. 1931లో రాబర్ట్ థౌలెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గుండ్రటి బిళ్లని ఏటవాలుగా పెట్టి, అది కంటికి ఎంత పల్చటి దీర్ఘవృత్తంలా కనబడుతోందో చూసి చెప్పమన్నాడు. చూసినవాళ్లు అసలు కనబడేదానికంటే గుండ్రంగా ఉన్నదాన్ని చూపించారు. అది బిళ్ల అని, గుండ్రంగా ఉంటుందని మెదడుకి ముందే తెలుసు మరి. చూపు ఒకటి చెబుతుంటే మెదడు మధ్యలో దూరి సర్దేస్తుంది. బల్లని కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే దాని పైభాగం సన్నటి పట్టీలా కనిపిస్తుంది. కొత్తగా గీసేవాళ్లందరూ దాన్ని చాపలా పరిచేస్తారు. ముఖం గీస్తే కళ్లు నుదుటి దగ్గరికి వెళ్లిపోతాయి. నిజానికి కళ్లు తలకి దాదాపు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయి. నమ్మకం కుదరకపోతే అద్దం ముందు నిలబడి కొలుచుకోండి.

ఈ సర్దుబాటుని తప్పించుకోవడానికి ఒక ఉపాయం ఉంది. వస్తువుని కాకుండా దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయండి. కుర్చీ కాళ్ల మధ్య కనిపించే సందు ఏ ఆకారంలో ఉంది? చేతికీ సీటుకీ మధ్య ఖాళీ త్రికోణమా, నాలుగు పలకలా? ఆ ఖాళీకి పేరు లేదు కాబట్టి మెదడుకి దాని గురించి ముందస్తు అభిప్రాయాలు ఉండవు, వేలు పెట్టదు. నాలుగు సందులు సరిగ్గా వేస్తే మధ్యలో కుర్చీ దానంతటదే తేలుతుంది. నేను ఇప్పటికీ మోడల్ చేస్తూ ఎక్కడైనా ఇరుక్కుంటే, దాన్ని మొత్తం నలుపు చేసి తెల్లటి నేపథ్యం మీద పెట్టి సందులే చూస్తాను. దాంతో బయటి ఆకారం, అంటే సిలూయెట్, చదవడం కూడా అలవాటవుతుంది. మెటీరియల్స్ (పైన కనిపించే రంగు, మెరుపు) వేసి మురిసిపోయే ముందు ఈ నల్లబొమ్మ పరీక్ష పెట్టండి. నల్లగా ఉన్నప్పుడు కుర్చీ అని తెలియనిది పైన టేకు చెక్క బొమ్మ (టెక్స్చర్) అతికించినంత మాత్రాన కుర్చీ అయిపోదు.

తర్వాత పెట్టెలు. వినడానికి బోరు, చేయడానికి ఇంకా బోరు. కానీ తప్పదు. ఏ వస్తువైనా ముందు ఒక పెట్టెలో పడుతుంది. ఆ పెట్టెని ఎటు తిప్పినా గీయగలిగితే అందులోని వస్తువుని కూడా తిప్పగలరు. రోజూ ఒక పేజీ నిండా రకరకాలుగా తిరిగిన పెట్టెలు చేత్తోనే గీయండి. పేజీ అయ్యాక వేరే రంగు పెన్నూ స్కేలూ తీసుకుని ప్రతి పెట్టె అంచుల్నీ వెనక్కి పొడిగించండి. ఒకే దిక్కుకి పోయే నాలుగు అంచులూ దూరంగా ఒకే చోట కలవాలి, లేదా కలిసే దారిలో ఉండాలి. అవి విచ్చుకుంటూ పోతే ఆ పెట్టె వెనక భాగం ముందు భాగం కంటే పెద్దదైపోయిందన్నమాట. ఎరుపు గీతలు చూశాక మొదటి వారం మీకు ఏడుపొస్తుంది. రెండో వారం స్కేలు పెట్టకముందే ఏ అంచు పక్కకి పోయిందో కనబడుతుంది. ఆ కనబడటం కోసమే ఇదంతా.

పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించే తీరు) గురించి పుస్తకాలు ఒక బిందువు, రెండు బిందువులు, మూడు బిందువులు అంటూ మొదలుపెడతాయి. నన్నడిగితే ముందు నేర్చుకోవాల్సింది కంటి ఎత్తు. చదునైన నేలమీద మీరు నిలబడితే, మీ అంత ఎత్తున్నవాళ్లు ఎంత దూరంలో నిలబడ్డా వాళ్ల కళ్లు మీ క్షితిజరేఖ మీదే ఉంటాయి. దగ్గరివాళ్ల కాళ్లు కిందికి దిగుతాయి, దూరపువాళ్ల కాళ్లు పైకి జరుగుతాయి, కళ్లు మాత్రం ఆ గీత వదలవు. ఈ ఒక్కటి పట్టుబడితే ఏ ఫొటోలోనైనా కెమెరా ఎంత ఎత్తులో ఉందో చెప్పేయగలరు. మీ రెండర్లలో, అంటే మోడల్ నుంచి కంప్యూటర్ తీసిచ్చే బొమ్మల్లో, గది బొమ్మరిల్లులా కనిపిస్తుంటే ముందు చూడాల్సింది కూడా అదే: కెమెరాని మనిషి కంటి ఎత్తున పెట్టారా, పైకప్పు దగ్గర పెట్టారా అని.

15వ శతాబ్దం మొదట్లో ఫ్లారెన్స్‌లో బ్రూనెల్లెస్కీ అనే వాస్తుశిల్పి ఈ పర్‌స్పెక్టివ్ లెక్కని గీసి చూపించాడు, 1435లో ఆల్బెర్టీ అనే పండితుడు దాన్ని రాతలో పెట్టాడు. ఇప్పుడు కెమెరాయే ఆ లెక్కంతా చేసిపెడుతుంది కదా, మళ్లీ చేత్తో ఎందుకు అంటారేమో. కెమెరా లెక్క చేస్తుంది నిజమే, కానీ ఏ లెక్క చేయాలో మీరే చెప్పాలి. ఇక్కడ నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి.

పని మొదలుపెట్టిన కొత్తలో ఒక మిత్రుడి తల మోడల్ చేశాను. రిఫరెన్స్‌గా అతను ఫోన్‌తో దగ్గర నుంచి తీసుకున్న ఫొటోలు పంపాడు. వాటిని వెనక పెట్టుకుని మూడు వారాలు కూర్చుని అచ్చుగుద్దినట్టు చేశాను. తీరా మోడల్‌ని కాస్త పక్కకి తిప్పితే అది మిత్రుడు కాదు, అతని మేనమామలా ఉంది. ముక్కు గుమ్మడికాయ, చెవులు ఎక్కడో వెనక్కి. తప్పు మెష్‌లో (మోడల్‌ని కట్టే గీతల వలలో) లేదు, దూరంలో ఉంది. లెక్క వేసి చూడండి. ముక్కు కొన నుంచి చెవికి సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 దగ్గర ఉంటుంది, అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే కెమెరా 2 మీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా 6 శాతమే. చాలా ఫోన్ల ప్రధాన లెన్స్ 24 నుంచి 28 మిల్లీమీటర్లకి సమానమైన వెడల్పు చూపుది, కాబట్టి ముఖం ఫ్రేము నిండాలంటే దగ్గరికి వెళ్లక తప్పదు. బ్లెండర్ కెమెరా మొదట 50 మిల్లీమీటర్ల మీద ఉంటుంది, అడ్డంగా సుమారు 40 డిగ్రీలు చూస్తుంది. ఈ రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి నేను మూడు వారాలు పోట్లాడాను. రెండు వారాలు పెట్టెలు గీసిన చెయ్యి అయితే ఆ ఫొటో చూడగానే "ఇది మరీ దగ్గర నుంచి తీసింది" అని పక్కన పెట్టేది. (ఆ ఫైలు ఇంకా ఉంది. మిత్రుడికి చూపించలేదు.)

పెట్టెల తర్వాత వాటిలో గుండ్రటివి దించాలి: గ్లాసులు, చక్రాలు, దీపం బుడ్డీలు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. చక్రాన్ని ఏటవాలుగా చూస్తే కనిపించే దీర్ఘవృత్తానికి పొట్టి అక్షం ఇరుసు దిశలోనే ఉంటుంది. ఇరుసు ఎటు పోతోందో ముందు గీసుకోండి, పొట్టి అక్షాన్ని దానిమీద పెట్టండి, చక్రం నేలమీద సరిగ్గా నిలబడుతుంది. ఇది తెలియక చక్రాలన్నీ ఊడిపోతున్నట్టుండే కార్లు గీసినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఇంకొకటి: బల్లమీది గ్లాసుని పైనుంచి చూస్తే మూతి కంటే అడుగు ఎక్కువ గుండ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది కంటి ఎత్తుకి ఇంకా దిగువన ఉంది. అడుగుని తిన్నటి గీతతో కొట్టేయడం అందరూ చేసే తప్పు.

ఇక వెలుగు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకండి.

రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి ఒక్క దీపం వెలిగించి, తెల్లటి బంతి ఒకటి బల్లమీద పెట్టండి. పావుగంట ఏమీ గీయకుండా చూడండి. దీపానికి నేరుగా ఎదురున్న చోట బాగా వెలుగు. అక్కడినుంచి పక్కకి జరిగేకొద్దీ తగ్గుతుంది, కానీ సమానంగా తగ్గదు. మొదట చాలాదూరం దాదాపు అలాగే ఉండి, చివర్లో గబగబా పడిపోతుంది. 1760లో లాంబర్ట్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని కొసైన్ నియమంగా రాశాడు. మెరుపు లేని ఉపరితలం వెలుగు దిశ నుంచి 60 డిగ్రీలు తిరిగితే దానిమీద పడే వెలుగు సగం, 90 డిగ్రీలకి సున్నా. మీ సాఫ్ట్‌వేర్ ప్రతి రెండర్‌లోనూ ఇప్పటికీ ఈ లెక్కే వేస్తుంది. దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఇది కూడా చేసి చూడండి. పుస్తకంలో చదివితే తలూపేసి వదిలేస్తాం, కళ్లతో చూస్తే మీ తర్వాతి రెండర్‌లో లైటు ఎక్కడ పెట్టాలో చెయ్యికి తెలిసిపోతుంది.

ఇప్పుడు నీడ వైపు చూడండి. వెలుగు ఆగిపోయే మలుపు దగ్గర చీకటి చిక్కగా ఉంటుంది, దాని తర్వాత బల్లమీద పడి తిరిగొచ్చిన వెలుగు నీడని కొంచెం తేలిక చేస్తుంది. బంతి బల్లని తాకిన చోట సన్నటి నల్లటి గీత. ఆ తిరిగొచ్చిన వెలుగు కొత్తవాళ్లని మహా మోసం చేస్తుంది. పక్కనే చీకటి ఉండటంతో అది చాలా ప్రకాశంగా ఉన్నట్టు అనిపిస్తుంది, తెల్లగా దిద్దేస్తారు, బంతి కాస్తా రేకు డబ్బా అయిపోతుంది. తెల్లటి మెరుపులేని వస్తువుకి నీడలో ఉన్న అత్యంత తేలిక భాగం కూడా వెలుగు వైపు భాగాల కంటే ముదురుగానే ఉండాలని పెట్టుకోండి. నమ్మలేకపోతే 1995లో ఎడ్వర్డ్ అడెల్‌సన్ అనే దృష్టి పరిశోధకుడు చేసిన చదరంగం నీడ బొమ్మ వెతికి చూడండి. ఒక స్తంభం నీడలో ఉన్న తెల్ల గడి, నీడ బయట ఉన్న నల్ల గడి, రెండూ అచ్చంగా ఒకే బూడిద రంగు. తెలిశాక కూడా కన్ను ఒప్పుకోదు. దానికి మందు, కళ్లు చికిలించి చూడడం. వివరాలు చెదిరిపోయి ముదురు, మధ్యస్థం, లేత అనే మూడు ముద్దలు మిగులుతాయి. ఆ మూడు ముద్దలతోనే గీయండి. ఐదుకి వెళ్లడానికి ఒక నెల ఆగండి.

మీ రెండర్లని కూడా ఇలాగే పరీక్షించండి. రంగు తీసేసి బూడిదలో చూస్తే కుర్చీ గోడలో కలిసిపోతోందా? రంగు ఎంత మార్చినా అది బాగుపడదు, ముదురు-లేత తేడా కావాలి. ఇక్కడో చిన్న జాగ్రత్త. రంగుల్లో ఒక్కోదానికి ఒక్కో బరువుంది. తెర ప్రమాణాల లెక్కలో వెలుగుకి ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపుది 0.2126, నీలానిది 0.0722 మాత్రమే. అందుకే పూర్తి పసుపు, పూర్తి నీలం రెండూ స్లైడర్‌లో ఒకే వాల్యూ చూపించినా కంటికి ఒకటి దీపం, ఇంకొకటి బావి. బూడిదగా మార్చేటప్పుడు ఈ బరువుల్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడండి. రంగుల సిద్ధాంతం గురించి ఇంతకంటే ఇప్పుడు అవసరం లేదు. రంగు చక్రం పట్టుకుని నెలలు గడిపేసేవాళ్లని చూశాను, వాళ్ల బొమ్మల్లో లోపం రంగుది కాదు.

దీపం అక్కడే ఉంది కాబట్టి బల్ల అంచుని కూడా చూడండి. రెండు తలాలు కలిసే చోట సన్నటి మెరుపు గీత కనబడుతుంది. నిజం వస్తువుల అంచులు కత్తిలా ఉండవు, ఎంతో కొంత అరిగి, గుండ్రమై ఉంటాయి. ఆ గుండ్రం ఎటు నుంచి వచ్చిన వెలుగునైనా కాస్త పట్టుకుంటుంది. మీ కుర్చీ ప్లాస్టిక్ బొమ్మలా ఉందంటే అంచులకి బెవెల్ వేయకపోవడమే, అంటే వాటిని కాస్త గుండ్రం చేయకపోవడమే, కారణం కావచ్చు. ఎంత వేయాలి? గీసి చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే గీసేటప్పుడు ఆ మెరుపు ఎంత సన్నదో మీరే తేల్చుకోవాలి.

మోడలింగ్‌కి నేరుగా పనికొచ్చే ఇంకో అభ్యాసం ఉంది, డ్రాయింగ్ క్లాసుల్లో దీన్ని ఎందుకో తొందరగా దాటేస్తారు. వస్తువు మీద దారం చుట్టినట్టు ఊహించుకుని ఆ చుట్లు గీయడం. మీ ఎడమ చెయ్యిని ఎదురుగా పెట్టుకుని, వేళ్ల చుట్టూ ఉంగరాల్లా, అరచేతి మీదుగా పైకెక్కి దిగే గీతలు వేయండి. షేడింగ్ ఒక్క చుక్క కూడా లేకుండా ఉబ్బెత్తు తెలిసిపోవాలి. ఈ గీతలే తర్వాత మీ మెష్‌లో ఎడ్జ్ లూప్‌లు, అంటే ఆకారం చుట్టూ తిరిగే అంచుల వలయాలు. 1970ల మొదట్లో హెన్రీ గూరో అనే గ్రాఫిక్స్ పరిశోధకుడు తన షేడింగ్ (వెలుగునీడలు దిద్దే) పద్ధతిని పరీక్షించడానికి భార్య ముఖం మీదే గీతలు గీసి పలకలుగా విడగొట్టి కొలిచాడు. మీరు అంత సాహసం చేయనక్కర్లేదు, ఫొటో మీద పారదర్శక కాగితం వేసి చేయండి. కళ్ల చుట్టూ ఒక వలయం, పెదాల చుట్టూ ఒక వలయం, ముక్కు పక్క నుంచి నోటి కొస దాటి దిగే మడత. నవ్వినప్పుడు చర్మం ఎటు జరుగుతుందో గీసినవాళ్లకి టోపాలజీ పాఠం, అంటే మెష్ గీతలు ఎటు నడవాలనేది, వేరే చెప్పక్కర్లేదు.

మనిషి బొమ్మలు మీకు అవసరమా అనేది మీరు ఏం చేయబోతున్నారనేదాన్ని బట్టి ఉంటుంది. కుర్చీలు, యంత్రాలు, గదులు అయితే ఈ ఏడాదికి వదిలేయండి. క్యారెక్టర్లు అయితే అరనిమిషం నుంచి రెండు నిమిషాల్లో భంగిమ పట్టే స్కెచ్‌లు రోజూ ఓ పది వేయండి. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఏడాది పిల్లలది నాలుగు తలలు అనే కొలతతో మొదలుపెట్టి, తర్వాత అసలు మనుషుల్ని చూసి దాన్ని చెడగొట్టుకోండి.

కాగితమా, టాబ్లెట్టా? మొదటి మూడు నెలలు కాగితం, బాల్‌పెన్. పెన్సిల్ కూడా వద్దంటాను, ఎందుకంటే రబ్బరు దగ్గరుంటే తప్పుని చూడకముందే చెరిపేస్తాం. టాబ్లెట్‌లో ఇది ఇంకా ఘోరం. ఒకే గీతని నలభైసార్లు అన్‌డూ కొట్టి చివరికి దైవికంగా కుదిరినదాన్ని ఉంచుకుంటాం, నేర్చుకున్నది సున్నా. జూమ్ చేసి మూలలు దిద్దడం ఇంకో జబ్బు. మూడు నెలల తర్వాత టాబ్లెట్ తీసుకోండి, తెర లేని మామూలుది చాలు. చెయ్యి కింద, చూపు ఎదురుగా ఉండటం మొదట్లో పిచ్చెక్కిస్తుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. గీయడానికి క్రీటా ఉచితంగా దొరుకుతుంది, బ్లెండర్‌లాగే. టాబ్లెట్ పెట్టగానే చేయాల్సిన పని ఒకటుంది. దాని గీసే ప్రదేశం నిష్పత్తి మీ మానిటర్ నిష్పత్తితో సరిపోయేలా సెట్టింగ్‌లో మార్చుకోండి. 16:10 పలకని 16:9 తెర మొత్తానికీ పరిస్తే మీరు గుండ్రంగా తిప్పిన చెయ్యి తెరమీద కోడిగుడ్డు అవుతుంది. నాకు వృత్తాలు రావని ఏడాదిపాటు బాధపడి, చివరికి ఈ సెట్టింగ్ మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ట్రేసింగ్ విషయంలో జనం రెండు పక్షాలుగా చీలిపోయి కొట్టుకుంటుంటారు. నేను ట్రేసింగ్ పక్షమే, కాకపోతే ఏం ట్రేస్ చేస్తున్నారనేది చూస్తాను. ఫొటోలో కారు బయటి గీత వెంట పెన్ను లాగితే మణికట్టుకి వ్యాయామం తప్ప ఇంకేం లేదు. అదే ఫొటో మీద క్షితిజరేఖ వెతికి గీసి, కారుని పెట్టెలో పెట్టి, నాలుగు చక్రాల ఇరుసులు గీసి చూస్తే అది చదువు. అయ్యాక ఫొటో పక్కన పడేసి అదే కారుని వెనక నుంచి గీయండి, మీరు చూడని వైపు. అది వచ్చిందంటే ఆకారం మీకు అర్థమైందన్నమాట, రాలేదంటే గీత మాత్రమే అర్థమైంది. మోడలర్‌కి ఇంతకు మించిన పరీక్ష లేదు. ఇంకొకరి డిజైన్‌ని ట్రేస్ చేసి నాదే అని చెప్పుకోవడం మాత్రం వేరే సంగతి, దాన్ని సాధన అనరు.

రోజుకి అరగంట, లేదా నలభై నిమిషాలు. ఆదివారం ఐదు గంటలు కూర్చుని వారమంతా మానేస్తే పని జరగదు. వీలైతే గీసిన వస్తువునే ఆ రోజు మోడల్ కూడా చేయండి: పొద్దున గ్లాసు గీస్తే సాయంత్రం అదే గ్లాసు. కెమెరాని మీరు గీసిన కోణంలోనే పెట్టి రెండర్ తీసి, మీ స్కెచ్ ఫొటోని దానిమీద సగం పారదర్శకంగా పరచండి. ఎక్కడ రెండూ విడిపోయాయో అక్కడికి వెళ్లి నిజం గ్లాసుని మళ్లీ కొలవండి. ఒక్కోసారి స్కెచ్ తప్పు, ఒక్కోసారి మెష్ తప్పు. ఎక్కువసార్లు స్కెచ్చే గెలుస్తుండటం చూసి మొదట్లో నాకే ఆశ్చర్యం వేసింది. ఎదురుగా చూసి గీసినది కదా మరి.

రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక చెడ్డ కాలం వస్తుంది, ముందే చెప్పి ఉంచుతాను. మీ పనులన్నీ హఠాత్తుగా అధ్వాన్నంగా కనిపిస్తాయి. పని చెడిపోలేదు, కన్ను చెయ్యి కంటే ముందుకి వెళ్లిపోయింది. చాలామంది సరిగ్గా అక్కడే "నాకు రాదు" అని మానేస్తారు. మీరు అప్పుడు పెట్టెల పేజీలు మొదటిరోజువి తీసి పక్కన పెట్టుకుని చూడండి, అందుకే ప్రతి పేజీ మీదా తేదీ వేసుకోమంటాను.

మీ 26 ఏళ్ల గురించి అడిగారు. దానికి నా దగ్గర జవాబేమీ లేదు, ఎందుకంటే పైన చెప్పిన దేనికీ వయసుతో పని లేదు. పెన్సిల్ చాపి కొలవడానికి చెయ్యి నిలకడగా ఉంటే చాలు.

ఆ తేడా కొట్టిన కుర్చీ ఫైలుని మాత్రం తీసేయకండి. బూడిద రంగులో ఒక రెండర్ తీసి, ప్రింట్ చేసి దాచుకోండి. మూడు నెలల తర్వాత ఎర్ర పెన్ను పట్టుకుని దాని ముందు కూర్చోండి. కాళ్లు ఎక్కడ లావయ్యాయో, సీటు ఎక్కడ వెడల్పయిందో, ఏ అంచుకి మెరుపు లేదో గుర్తులు పెట్టుకుంటూ పోండి. పది గుర్తులు దాటితే ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి. నేను పెట్టే గుర్తులతో పోల్చి చూద్దాం.